రాహుకాలంలో మొదటి స్థానం

మా గుండ్లవాడ పురపాలక సంఘానికి జ్ఞానం ఎప్పుడూ బయటి నుంచే వస్తుంది. మా కమిషనర్ విద్యాధరరావు గారు అప్పుడప్పుడూ హైదరాబాదులో ఏదో ఒక సదస్సుకు వెళ్తారు. అక్కడ భోజనం చేసి, వాళ్లిచ్చిన సంచీ భుజాన వేసుకుని, ఒక కొత్త మాట పట్టుకుని తిరిగొస్తారు. ఆ మాట అరిగిపోయేదాకా మాకు నిద్ర ఉండదు. ఒకసారి 'సుస్థిరత' తెచ్చారు. దాని దెబ్బకు ఎండాకాలమంతా ఆఫీసులో ఫ్యాన్లు తిరగలేదు. ఈసారి పురపాలక ఎన్నికల ముందు వెళ్లిన సదస్సు నుంచి 'వరుస' తెచ్చారు.

"సదానందం గారూ, ఫోనులో ఏదైనా వెతికితే అన్నిటికంటే పైన వచ్చేదాన్నే జనం నిజమని నమ్ముతారట. కిందికి జరిపి చూసే ఓపిక ఎవరికీ లేదట. ఏ అభ్యర్థి గురించి మంచి వార్త పైన కనిపిస్తే ఓటు అటే మొగ్గుతుందట. అదీ తమకు తెలియకుండానే! ప్రజాస్వామ్యానికి ఎంతటి ముప్పో ఆలోచించారా?"

ఆలోచించాను. బల్ల మీద పైనున్న ఫైలు మీదే తమరు సంతకం పెడతారు కదా, కింది ఫైళ్లకు చెదలు పడుతున్నాయి కదా, దీనికి సదస్సు ఎందుకు అని అందామనుకున్నాను. కానీ నేను సీనియర్ అసిస్టెంటును, నా పింఛను కాగితాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. "ఔనా సార్, ఘోరం సార్" అన్నాను.

ఇక్కడ మా 'పురదర్శిని' గురించి చెప్పాలి. మా ఊరికి సొంతంగా ఒక వెతుకులాట యాప్ ఉంది. ఇంటిపన్ను కట్టాలన్నా, ఏ వార్డుకు నల్లా ఎప్పుడు వస్తుందో తెలియాలన్నా అందులోనే చూడాలి కాబట్టి ఫోనున్న ప్రతివాళ్లూ దాన్ని పెట్టుకున్నారు. ఊళ్లో ఏ సంగతి కొట్టినా అది నాలుగు ముక్కలు చూపిస్తుంది. ఏ ముక్క పైన ఉండాలో ఎవరు నిర్ణయిస్తారని ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

అడిగిన మొదటి మనిషి నూలుమిల్లు కాలనీ ఆండాళమ్మ. అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి, ఆ వార్డులో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది. ఆమె ఎన్నికల వాగ్దానం ఒక్కటే, పైపు. కాలనీకి నీళ్లు తెచ్చే పైపు పెద్ద మురుగు మోరీలో మునిగి ఉంది. దానికి చిల్లులు పడ్డాయి. వానాకాలం వస్తే కాలనీలో కామెర్లు వస్తాయి. పోయిన ఏడు ఆమె చెల్లెలు ఆ కామెర్లతోనే చనిపోయింది.

ఆమె తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, "సారు, నీ ఫోన్ల 'నూలుమిల్లు కాలనీ నీళ్లు' అని కొట్టి సూడున్రి" అంది.

కొట్టాను. అన్నిటికంటే పైన, 'కౌన్సిలర్ సారంగపాణి చొరవతో నూలుమిల్లు కాలనీకి స్వచ్ఛమైన తాగునీరు' అని వచ్చింది. ఫోటోలో సారంగపాణి నల్లా కింద ఉంగరాల చేత్తో గాజుగ్లాసు పట్టుకుని నవ్వుతున్నాడు. పట్టుకున్నాడంతే, తాగడం లేదు. దాని కింద అదే నవ్వు పక్కనుంచి. ఆ కింద ఆయన పుట్టినరోజు.

"ఇంకా కిందికి పోన్రి. ఇంకా పోన్రి. ఆఁ, గది!"

నా వేలు నొప్పి పుట్టాక దొరికింది. ప్రభుత్వ ప్రయోగశాల ఇచ్చిన నీటి పరీక్ష నివేదిక. మురుగు కలిసినది, తాగుటకు పనికిరాదు అని స్పష్టంగా ఉంది.

"గంత కిందికి ఎవలు పోతరు సారు? ఇల్లిల్లు తిరిగి నీళ్లు మంచిగలేవు అని చెప్తున్న. 'ఫోన్ల మంచిగున్నయని ఉన్నది గద పెద్దమ్మా' అంటున్నరు. బిందెల నీళ్లు పచ్చగ కండ్లకు కనవడుతున్నయి. వాసన ముక్కుకు తాకుతున్నది. అయినా ఫోన్నే నమ్ముతున్నరు. మా చెల్లె గూడ గట్లనే నమ్మి తాగింది."

ఆమెను కమిషనర్ గారి గదిలోకి తీసుకెళ్లాను. అంతా విని ఆయన ముఖం వెలిగిపోయింది. సదస్సులో చెప్పిన ముప్పు చీర కట్టుకుని తన గదికే నడిచొచ్చింది మరి!

"అమ్మా, మీరు సజీవ ఉదాహరణ! మీ వంటివారి కోసమే ఈ సంస్థాగత సంస్కరణ!"

"పైపు మారుస్తరా సారు?"

"పైపు అనేది అంశం కాదమ్మా. అది ఇంజినీరింగ్ విభాగం. ప్రస్తుతం మన ముందున్న అంశం వరుస."

సాయంత్రానికల్లా 'వరుస నిష్పాక్షికత విభాగం' ఏర్పడింది. కమిషనర్ గారు అధ్యక్షులు, నేను కార్యదర్శిని. యాప్ నడిపే కాంట్రాక్టర్ ప్రదీప్‌ను సాంకేతిక సభ్యుడన్నారు. ఎవరూ పైన ఉండకూడదంటే ఏం చేయాలన్నది మొదటి సమావేశంలో చర్చ. అందరూ కొంతసేపు పైన ఉండాలని కమిషనర్ గారే తేల్చారు. వార్డులోని అభ్యర్థులంతా వంతులవారీగా గంటన్నరకొకరు పురదర్శినిలో మొదటి స్థానం ఎక్కాలి. ఎవరి వంతులో వారి వార్తలు పైన, మిగతావన్నీ కింద.

అక్కడితో ఆగితే ఆయన విద్యాధరరావు గారు ఎందుకవుతారు? ఫోనులో వరుస ప్రభావం చూపితే గోడ మీద చూపదా అన్న అనుమానం ఆయనకు రాత్రికి రాత్రే పుట్టింది. మర్నాడే ఉత్తర్వు వెలువడింది. 'ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా, ఫ్లెక్సీలయందు అభ్యర్థుల పేర్లు ఒకదాని కింద ఒకటి ముద్రించరాదు, వృత్తాకారమున మాత్రమే ముద్రించవలెను.' ఊరంతా గుండ్రటి ఫ్లెక్సీలు వెలిశాయి. జనం మెడలు వంకర పెట్టి చదివారు. గుండ్రంగా ఉన్నా పైనున్న పేరు పైనే ఉంటుంది కదా అని సారంగపాణి మనుషులు ఆక్షేపించారు. దాంతో పారిశుద్ధ్య సిబ్బందిని నిచ్చెనలతో చౌరస్తాల్లో నిలబెట్టాం. వాళ్లు గంట గంటకూ ఫ్లెక్సీలను కొంచెం కొంచెం తిప్పేవాళ్లు. ఆ రోజుల్లో మోరీలు తీసిన మనిషి లేడు. టిఫిన్ సెంటర్ల బోర్డుల మీద ఇడ్లీ పేరే ఎప్పుడూ మొదట ఉండడం ఓటర్ల మనసును ఒక అలవాటుకు లోను చేస్తోందని మరో ఉత్తర్వు తయారైంది. అది సంతకానికి వెళ్లేలోపే అసలు సమస్య వచ్చిపడింది.

సారంగపాణి అభ్యర్థులందర్నీ వెంటేసుకుని ఆఫీసు మీదికి వచ్చాడు.

"కమిషనర్ సాబ్, సోమవారం పొద్దుగాల ఏడున్నర సంది తొమ్మిది దాక నన్ను పైకి ఎక్కిచ్చిండ్రు. రాహుకాలం గాదా అది? మంచీ చెడ్డ సూడరా? రాహుకాలంల పైకి ఎక్కినోడు బాగుపడ్డడా ఎన్నడన్న?"

రాజ్యాంగంలో రాహుకాలం లేదని కమిషనర్ గారు గంభీరంగా అన్నారు. అనేటప్పుడు గోడ గడియారం వైపు ఒకసారి చూశారు. ఆయన రాహుకాలంలో పచ్చ సిరా పెన్ను మూత తీయరని ఆఫీసంతటికీ తెలుసు. మిగతా అభ్యర్థులు కూడా సారంగపాణి మాటే పట్టారు. ఒక్క ఆండాళమ్మ ముందుకొచ్చింది.

"ఎవలకు వద్దంటే నాకియ్యున్రి ఆ టైము. నాకేం పట్టింపు లేదు."

"అది సాధ్యం కాదమ్మా. మీకు ఇతరులకంటే ఎక్కువ సమయం లభిస్తుంది. నిష్పాక్షికత దెబ్బతింటుంది" అన్నారు కమిషనర్ గారు, చాలా బాధపడుతూ.

ఒక సిద్ధాంతి గారిని 'కాలనిర్ణయ సాంకేతిక సలహాదారు'గా నియమించాం. ఆయన పంచాంగం తెరిచి రోజురోజుకూ రాహుకాలం లెక్కకట్టి ఇచ్చారు. ఆ సమయంలో ఏ అభ్యర్థీ మొదటి స్థానంలో ఉండకూడదని తీర్మానమైంది. అప్పుడు ప్రదీప్ చెయ్యెత్తాడు.

"సార్, పై డబ్బా ఖాళీగా ఉండదు. అభ్యర్థి లేకపోతే దానంతట అదే సర్కారు కాగితం ఏది దొరికితే అది పట్టుకొచ్చి పెడుతుంది."

"సర్కారు కాగితమా? పెట్టనివ్వండి. అది ఎవడు చదువుతాడు?" అని కమిషనర్ గారు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ వచ్చే సోమవారం ఉదయం ఏడున్నరకు నూలుమిల్లు కాలనీలో నల్లాలు వచ్చాయి. ఆడవాళ్లు బిందెలు పెట్టి, నీళ్లు ఎంతసేపు వస్తాయో చూద్దామని అలవాటుగా ఫోన్లు తీశారు. కాలనీ నీళ్లు అని కొట్టగానే గ్లాసూ లేదు, నవ్వూ లేదు. అన్నిటికంటే పైన లావు అక్షరాలతో నివేదిక. మురుగు కలిసినది, తాగుటకు పనికిరాదు.

ఆఫీసుకు వెళ్తూ ఆ వీధిలోంచి నేను ఆ సమయానికే పోతున్నాను కాబట్టి కళ్లారా చూశాను. ఒకావిడ ఫోను చూసింది, బిందె చూసింది, వాసన చూసి "థూ" అంది. తర్వాత బిందెను మోరీలోకి ఒంపేసింది. పక్కావిడా ఒంపేసింది. కొంతసేపటికి వీధంతా ఒంపేసింది. ఆండాళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. రెండేళ్లుగా ఆమె గొంతు చించుకుని చెప్పిన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. అదే మాట ఫోను చెబితే చాలు, ఒక్క గడియలో బిందెలు ఖాళీ అయ్యాయి. నాకు సంతోషం వేసింది, ఒళ్లూ మండింది. ముక్కులు ఏం పాపం చేశాయని అనుకున్నాను.

తొమ్మిది కాగానే పైకి సారంగపాణి, చేతిలో గ్లాసు. కానీ అప్పటికే జనానికి రుచి తెలిసిపోయింది. ఊళ్లో అన్ని వార్డులవాళ్లూ రాహుకాలం కోసం ఎదురుచూడడం మొదలుపెట్టారు. ఎవరో మార్కెట్ షెడ్డు గురించి వెతికితే, కట్టని షెడ్డుకు చెల్లించిన బిల్లు పైకి వచ్చింది. ఇంకెవరో వీధిదీపాల గురించి వెతికితే, మూడుసార్లు కొన్న ఒకే దీపం వచ్చింది. మామూలుగా ఆ సమయంలో బయటికి అడుగు పెట్టనివాళ్లు కూడా ఫోన్లు పట్టుకుని గుంపులుగా నిలబడేవాళ్లు. పొద్దంతా ప్రచారం, రాహుకాలంలో సమాచారం అని చాయ్ హోటళ్లలో చెప్పుకునేవాళ్లు.

ఇక సారంగపాణి ఊరుకుంటాడా? మా విభాగానికే ఫిర్యాదు పెట్టాడు. నీటి నివేదిక ఒక అభ్యర్థికి అనుకూలంగా ప్రచారం చేస్తోంది, అది నామినేషన్ వేయలేదు, డిపాజిట్ కట్టలేదు, అయినా మొదటి స్థానంలో కూర్చుంది అన్నది అభియోగం. కమిషనర్ గారు రెండుసార్లు చదివి, "ఇందులో న్యాయపరమైన బలం ఉంది" అన్నారు.

నివేదికకు నోటీసు పంపాం. తమరు ప్రకటించని అభ్యర్థి ఎందుకు కారో సంజాయిషీ ఇవ్వవలసిందని రాసి, నోటీసును నివేదిక ఫైలుకే అతికించాం. విచారణ రోజున అటెండర్ యాకూబ్ గుమ్మంలో నిలబడి, "నీటి నాణ్యత నివేదిక హాజిర్ హో!" అని కేకేశాడు. నివేదిక రాలేదు. మళ్లీ కేకేశాడు. అప్పటికీ రాలేదు. ఆండాళమ్మ లేచి నిలబడింది.

"దాని తరఫున నేను మాట్లాడ్త సారు."

"మీకు వకాల్తా ఉందా?"

"వకాల్తా ఎవలియ్యాలె? కాగితం ఇస్తదా?"

"సభామర్యాద పాటించండమ్మా" అని కమిషనర్ గారు తీర్పు చదివారు. 'ప్రతివాదియగు నివేదిక పలుమార్లు పిలిచినప్పటికీ గైర్హాజరైనందున, తాను సత్యమేనని నిరూపించుకొనుటలో విఫలమైనందున, ఎన్నికలు ముగియువరకు దానిని చిట్టచివరి పుటకు బహిష్కరించడమైనది.' అంతా రాసింది నేనే. చేతిరాత బాగుందని ఆయన మెచ్చుకున్నారు కూడా.

మరే సర్కారు కాగితమూ పైకి ఎక్కకుండా ప్రదీప్ అడ్డు పెట్టాడు కాబట్టి, నివేదిక పోయాక రాహుకాలంలో పై డబ్బాలో 'ఈ సమయమున సమాచారము ఇవ్వబడదు' అన్న ముక్క కనిపించేది. సమాచారం ఉన్నప్పటికంటే అది ఎక్కువ పనిచేసింది. దాచారంటేనే ఏదో ఉందని నూలుమిల్లు కాలనీ అర్థం చేసుకుంది. పోలింగ్ రోజు వాళ్లు బిందెలు దించి వచ్చి ఓట్లేశారు. ఆండాళమ్మ గెలిచింది. లెక్కింపు గదిలో నేను ప్రభుత్వోద్యోగిని అన్న సంగతి మరిచి చప్పట్లు కొట్టాను. ఈ వానాకాలానికి కొత్త పైపు పడుతుంది, కామెర్లు రావు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆండాళమ్మ ఆఫీసుకు వచ్చింది. విజయోత్సవానికి అనుకుని నేను మిఠాయి తెప్పించబోయాను. ఆమె ఫోను నా ముఖం ముందు పెట్టింది.

'కౌన్సిలర్ ఆండాళు చొరవతో నూలుమిల్లు కాలనీకి స్వచ్ఛమైన తాగునీరు.' కింద ఆమె నామినేషన్ ఫోటో. పక్కన ఎవరిదో చెయ్యి, ఆ చేతిలో గాజుగ్లాసు. ఆ చెయ్యి సారంగపాణిదే. ఉంగరాలు కూడా తీయలేదు.

"నేనింక ప్రమాణం గూడ చెయ్యలే. నీళ్లెప్పుడు ఇచ్చిన సారు?"

ప్రదీప్‌ను పిలిపించాం. "గెలిచినవాళ్ల వార్తలు ముందే తయారుగా ఉంటాయమ్మా. పేరు, ఫోటో మాత్రమే మారతాయి. పోయినసారి కూడా అంతే" అన్నాడు. ఎన్నికలు అయిపోయాయి కాబట్టి వంతులు కూడా అయిపోయాయి, ఇక అయిదేళ్లూ మొదటి స్థానం గెలిచినవాళ్లదే.

కమిషనర్ గారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి అభినందించారు. ఆమె పైపు మాట ఎత్తింది.

"అదే చిక్కు వచ్చిందమ్మా. స్వచ్ఛమైన నీరు ఇచ్చినట్టు మన పురదర్శినిలోనే, అదీ మొదటి స్థానంలో ఉంది. ఇచ్చేసిన నీళ్లకు మళ్లీ పైపు అంటే ఆడిట్ వాళ్లు ఆక్షేపిస్తారు. ఒకే పనికి రెండుసార్లు నిధులు ఎలా కేటాయిస్తాం?"

"గీ ముచ్చట సారంగపాణికి గూడ చెప్పిండ్రా?"

"ఆయన పైపు ఎన్నడూ అడగలేదు. ఫోటోతోనే తృప్తి చెందారు. చాలా సహకరించే మనిషి."

"అయితే ఆ పైనుంచి నన్ను తీసెయ్యున్రి."

"గెలిచినవారిని తొలగించే నిబంధన లేదమ్మా. ఓడిపోతే తప్ప."

ఆండాళమ్మ లేచింది. బయటికి వచ్చి నా బల్ల దగ్గర కూర్చుని ఒక తెల్లకాగితం అడిగింది. రాజీనామా రాస్తుందేమోనని భయపడ్డాను. ఆమె గుండ్రటి అంగన్‌వాడీ అక్షరాలతో నిదానంగా రాసింది. 'నూలుమిల్లు కాలనీ నివాసి ఆండాళు అను నేను రాయునది. మా కౌన్సిలర్ ఆండాళు మంచినీళ్లు ఇచ్చినట్లు అబద్ధం చెప్పుచున్నది. మాకు మోరీ నీళ్లు వచ్చుచున్నవి. ఆమె మీద విచారణ చేయగలరు.'

"అమ్మా, ఇది మీ మీద మీరే..."

"పేరు తప్పు రాసిన్నా?"

"లేదు."

"మరి ముద్దర కొట్టున్రి."

కొట్టాను. నా ఉద్యోగంలో అంత గట్టిగా ఏ కాగితం మీదా ముద్ర కొట్టలేదు.

కౌన్సిలర్ మీద ఫిర్యాదు అంటే పురదర్శినికి పండగ. మధ్యాహ్నానికి 'నీళ్ల పేరిట మోసం: కౌన్సిలర్ ఆండాళుపై ఫిర్యాదు' అన్నది స్వచ్ఛమైన తాగునీటిని తోసేసి పైకి ఎక్కింది. ఫిర్యాదు ఎవరు చేశారో చదవడానికి కిందికి జరపాలి. ఎవరూ జరపలేదు. సారంగపాణి అసలే జరపలేదు. సాయంత్రానికి తన మనుషులతో, సీసాల నిండా పచ్చనీళ్లతో ఆఫీసు మెట్ల మీద ధర్నాకు కూర్చున్నాడు.

"విషం! ఆండాళు మన పిల్లలకు విషం తాగిపిస్తున్నది! రెండేండ్ల సంది గీ నీళ్లే వస్తున్నయి! పైపు మార్చేదాక లేచేది లేదు!"

గ్లాసు పట్టుకున్నవాడే సీసా పట్టుకున్నాడు. అదే చెయ్యి, అవే ఉంగరాలు. కమిషనర్ గారు కిటికీలోంచి చూసి ఊపిరి పీల్చుకున్నారు. ఇప్పుడు దారి దొరికింది. నీళ్లు మళ్లీ ఇస్తే ఆడిట్ ఒప్పుకోదు, కానీ ఒక కౌన్సిలర్ నిర్లక్ష్యాన్ని సరిదిద్దడానికి నిధి వేరే ఉంది. 'కౌన్సిలర్ ఆండాళు వైఫల్యము దృష్ట్యా అత్యవసర దిద్దుబాటు చర్య' అన్న శీర్షిక కింద పైపు మంజూరైంది. ఆమె వైఫల్యాన్ని ఆమెతోనే ఒప్పించి సంతకం పెట్టించుకున్నారు. ఆమె చదివి పెట్టింది.

వానలకు ముందే కొత్త పైపు పడింది. ఈ వానాకాలం నూలుమిల్లు కాలనీ నుంచి ఒక్కరూ కామెర్లతో ఆసుపత్రికి పోలేదు. ఈ సంగతి పురదర్శినిలో ఉంది. ఎక్కడో కింద.

మొన్న ఆ కాలనీకి పోయాను. ఆండాళమ్మ వీధి నల్లా దగ్గర బిందె నింపుకుంటోంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆ ఫిర్యాదు అబద్ధమని రాయించి పైనుంచి తీయిద్దామా అని అడిగాను.

"అబద్ధమెట్లయితది? నేను రాసిందే గద. తీస్తే మళ్ల ఆ గ్లాసు పైకొస్తది. ఉండనియ్యి."

అంతలో కాలనీలోకి కొత్తగా అద్దెకొచ్చిన ఒకావిడ బిందె పట్టుకుని వచ్చింది. ఆండాళమ్మను చూసి, చేతిలోని ఫోను చూసి, మళ్లీ ముఖం చూసింది. పక్కనున్న తన బిడ్డ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"గామె దగ్గరికి పోకు. నీళ్లల్ల విషం కలిపినామె గామెనే."

నేను నోరు తెరిచాను. ఆండాళమ్మ నా వైపు చూసి వద్దన్నట్టు తలూపింది. సగం నిండిన తన బిందెను నల్లా కిందినుంచి పక్కకు జరిపింది.

"ముందు నువ్వు పట్టుకో బిడ్డా, పాప దూపతోటి ఉన్నట్టుంది" అంది.

ఆవిడ మూతి ముడుచుకుని బిందె నింపుకుంది. అక్కడే దోసిలిపట్టి పిల్లకు తాగించింది. ఆండాళమ్మ ముఖం చూడకుండా వెళ్లిపోయింది.